సెక్యూరిటీ డ్యూటీ ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గార్డుగా రెండేళ్లు చేసి ఈ నెలే షిఫ్ట్ సూపర్‌వైజర్ అయ్యానని రాశారు. మీరు అడిగినవి నాలుగు. అసలు మన డ్యూటీ అంటే కచ్చితంగా ఏమిటి? బ్యాగులు తనిఖీ చేసే హక్కు, మనిషిని పట్టుకునే హక్కు మనకు ఉన్నాయా? దొంగతనం జరిగితే నష్టం మన మీద వేస్తారా? క్లయింటు, అంటే మన ఏజెన్సీని పెట్టుకున్న సంస్థ, దాని మేనేజర్ మన గార్డులకు చెప్పే బయటి పనులు చెయ్యాలా, వద్దా? నేనూ గార్డుగా మొదలుపెట్టినవాడినే. సూపర్‌వైజర్‌గా, కంట్రోల్ రూమ్‌లో చేసి, ఇప్పుడు కొత్తవాళ్లకు ట్రైనింగ్ ఇస్తున్నాను. ఇరవై నాలుగేళ్లుగా ఇదే పని. కాస్త పొడుగు సమాధానమే ఇస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. మన చేతిలో ఉన్న అధికారం మనది కాదు. పోలీసుకు అధికారం చట్టం ఇస్తుంది. మనకు ఆ స్థలం యజమాని ఇస్తాడు. తన గుమ్మం లోపలికి ఎవరిని రానివ్వాలి, ఎవరిని వెళ్లిపొమ్మనాలి అన్న విషయంలో ఆయనకు ఎంత హక్కు ఉందో, ఆయన తరఫున నిలబడ్డ మనకూ అంతే. గేటు దాటి రోడ్డు మీదికి వస్తే మీరూ నేనూ మామూలు మనుషులం. చాలా దేశాల్లో గార్డు యూనిఫాం పోలీసు, సైన్యం యూనిఫాంలా ఉండకూడదని నిబంధన పెట్టింది కూడా ఇందుకే. చూసేవాళ్లు మోసపోకూడదు, వేసుకున్నవాడూ తనను తాను పోలీసు అనుకోకూడదు. ఈ రంగంలో కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్లను చాలామందిని చూశాను. పిరికితనంతో ఇరుక్కున్నవాళ్లు వాళ్లలో తక్కువ. లేని అధికారం ఉందనుకుని చెయ్యి వేసినవాళ్లే ఎక్కువ.

మరి ఉన్న పని ఏమిటంటే మూడు మాటల్లో చెప్పొచ్చు: చూడటం, చెప్పడం, రాయడం. మనం కనబడుతూ నిలబడటం కూడా ఇందులో భాగమే. సరిగ్గా నిలబడి, వచ్చేవాళ్ల కళ్లలోకి చూసి పలకరించే గార్డు ఉన్న గేటు వైపు రావడానికి దొంగ ఆలోచిస్తాడు. ఫోన్‌లో తల దూర్చిన గార్డు ఉంటే ఆలోచించడు.

చూడటం అంటే ఏమిటో చెప్పడానికి ట్రైనింగ్‌లో నేను ఎప్పుడూ ఫ్రాంక్ విల్స్ గురించి చెబుతాను. 1972 జూన్ 17, వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనం. ఇరవై నాలుగేళ్ల విల్స్ అక్కడ నైట్ డ్యూటీ గార్డు. రౌండ్స్‌లో ఒక తలుపు గొళ్లానికి టేపు అంటించి ఉండటం చూశాడు. తలుపు వేసినా తాళం పడకుండా ఎవరో అంటించారు. క్లీనింగ్ వాళ్ల పని అనుకుని పీకేశాడు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ రోజు ఆయన పేరు ఎవరికీ తెలిసేది కాదు. కాసేపటికి మళ్లీ అదే తలుపు దగ్గరికి వెళ్లి చూశాడు. మళ్లీ టేపు ఉంది. అప్పుడు తాను లోపలికి దూరి వెతకలేదు. పోలీసులకు ఫోన్ చేశాడు. వాళ్లు వచ్చి ప్రతిపక్ష పార్టీ ఆఫీసులో ఐదుగురిని పట్టుకున్నారు. ఆ తీగ లాగితే కదిలిన డొంక 1974 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా దాకా వెళ్లింది. తలుపులకు టేపు ఉందని, పోలీసులను పిలిచానని ఆ రాత్రి 1:47కి విల్స్ లాగ్‌బుక్‌లో రాసిన పేజీ అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఇప్పటికీ భద్రంగా ఉంది.

ఇందులో మన వృత్తి మొత్తం ఉంది, గమనించండి. తేడా కనిపించింది, ఒకసారి తీసేశాడు, తిరిగి వెళ్లి చూసుకున్నాడు, పిలవాల్సినవాళ్లను పిలిచాడు, టైముతో సహా రాశాడు. దొంగల మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు.

ఆ "తిరిగి వెళ్లి చూసుకోవడం" దగ్గరే చాలామంది తప్పుతారు. రౌండ్స్ అంటే గడియారం చూసుకుని ఒకే దారిలో నడిచి రావడం అయిపోయింది. మీ గార్డు సరిగ్గా రెండింటికి బయల్దేరి రెండు ఇరవైకి తిరిగి వస్తాడని మీకంటే ముందు బయటివాడికి తెలుస్తుంది. టైము మార్చండి, దారి మార్చండి, ఒక్కోసారి వెళ్లినవాడిని వెంటనే వెనక్కి తిప్పి పంపండి. తాళాన్ని టార్చి వేసి చూస్తే చాలదు, చేత్తో లాగి చూడాలి. కోసి మళ్లీ అతికించిన సీలు దూరం నుంచి బాగానే కనిపిస్తుంది. దాని మీద నంబరు చదివి రిజిస్టరుతో పోల్చితేనే బండారం బయటపడుతుంది.

చెప్పడం గురించి నా సొంత అనుభవం ఒకటి. పేర్లు వద్దు. నాకు ఉద్యోగం వచ్చిన రెండో ఏడు ఒక గోడౌన్‌లో నైట్ డ్యూటీ చేస్తున్నాను. తెల్లవారుజామున కరెంటు ప్యానెల్ గది పక్కనుంచి వెళ్తుంటే వైరు కాలిన వాసన వచ్చింది. గది తలుపు మీద చెయ్యి పెట్టి చూశాను, వేడి లేదు. పొగ లేదు. లాగ్‌బుక్‌లో "ప్యానెల్ గది దగ్గర కాలిన వాసన" అని టైము వేసి మరీ రాశాను. ఆ వేళప్పుడు సూపర్‌వైజర్‌ను నిద్ర లేపితే తిడతాడేమోనని ఫోన్ చెయ్యలేదు. ఉదయం డ్యూటీ దిగేటప్పుడు రిలీవర్‌కు కూడా చెప్పలేదు, పుస్తకంలో ఉంది కదా అనుకున్నాను. తొమ్మిదిన్నరకు ప్యానెల్ అంటుకుంది. రిలీవర్ కుర్రాడు మంట ఆర్పబోయి మోచేతి దాకా చర్మం కాల్చుకున్నాడు. ఆ పేజీ విచారణలో నా ముందు పెట్టారు. నేను రాసింది అక్షరం కూడా తప్పు లేదు, కానీ ఎవరికీ చెప్పలేదు. ఆ అబ్బాయి చెయ్యి చూసినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. రాయడం తర్వాత ఉపయోగపడుతుంది. ఇప్పుడు ఉపయోగపడేది నోటితో చెప్పడం. రెండూ చెయ్యాలి, చెప్పడం ముందు చెయ్యాలి. సూపర్‌వైజర్‌గా మీరు చెయ్యాల్సింది ఇంకొకటి ఉంది. అర్ధరాత్రి అనవసరంగా ఫోన్ చేసిన గార్డును ఎప్పుడూ కసురుకోకండి. ఒక్కసారి కసురుకుంటే రెండోసారి నిజంగా అవసరమైనప్పుడు ఫోన్ రాదు.

ఇక రాయడం. మన లాగ్‌బుక్కుల్లో సగం పేజీలు "రాత్రంతా ఓకే" అనే ఉంటాయి. దాని వల్ల ఎవరికీ ఏ ప్రయోజనమూ లేదు. ఇలా రాసినది చూడండి: "02:40. ఉత్తరం వైపు మూడో షట్టర్. తాళం ఉంది, సీలు ఉంది, నంబరు సరిపోయింది. షట్టర్ కింద కుడి మూల అంగుళం సందు, నిన్న లేదు. 02:44కి కంట్రోల్ రూమ్‌కు చెప్పాను. 02:55కి సూపర్‌వైజర్ వచ్చి చూశారు." చూసింది మాత్రమే ఉంది. ఎవరి పని అయి ఉంటుందో ఊహ లేదు. ఎవరికి, ఎప్పుడు చెప్పామో ఉంది. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి పక్కన సంతకం పెట్టాలి. వైట్నర్ పూసినా, పేజీ చింపినా ఆ పుస్తకం మొత్తం మీద నమ్మకం పోతుంది. ఆరు నెలల తర్వాత కోర్టులో మీ గార్డు తరఫున మాట్లాడేది ఈ పుస్తకమే.

చార్జ్ అప్పగించడం కూడా ఇందులోదే. పాతవాడు సైకిల్ ఎక్కుతూ "అంతా మామూలే" అని అరిచి వెళ్లిపోవడం చార్జ్ అప్పగించడం కాదు. తాళాల గుత్తి ఎదురెదురుగా లెక్కపెట్టుకోవాలి, వాకీటాకీ చార్జింగ్ చూసుకోవాలి, లోపల ఇంకా ఎవరైనా ఉన్నారా అని అడగాలి, ఏ కెమెరా పని చెయ్యట్లేదో చెప్పాలి, తర్వాతే ఇద్దరూ సంతకం పెట్టాలి. పది నిమిషాల పని. తాళం ఎవరి షిఫ్ట్‌లో పోయిందో తేలక ఇద్దరి ఉద్యోగాలూ పోయిన సందర్భాలు నాకు తెలుసు.

గేటు దగ్గరికి వద్దాం. ఇక్కడ మన బలహీనత మర్యాద కాదు, మొహమాటం. 1990 మార్చి 18 తెల్లవారుజామున బోస్టన్‌లోని ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ మ్యూజియం తలుపు దగ్గరికి పోలీసు యూనిఫాంలో ఇద్దరు వచ్చారు. లోపల ఏదో గొడవని కంప్లయింట్ వచ్చింది, తలుపు తియ్యమన్నారు. నిబంధన ప్రకారం తియ్యకూడదు. గార్డు తీశాడు. పోలీసులను పిలిచే అలారం బటన్ ఆయన డెస్కు దగ్గర ఒక్కటే ఉంది. మాటల్లో పెట్టి ఆయన్ని అక్కడినుంచి పక్కకు రప్పించారు. గార్డులిద్దరినీ బేస్‌మెంట్‌లో కట్టేసి, గంటకు పైగా లోపల తిరిగి 13 కళాఖండాలు పట్టుకుపోయారు. ఈ రోజుకీ ఒక్కటీ దొరకలేదు. యూనిఫాం చూసి, పెద్ద కారు చూసి, "నేనెవరో తెలుసా" అన్న గొంతు విని తలుపు తియ్యకూడదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. పోలీసులే వచ్చినా ఒక్క నిమిషం ఆగమని, వాళ్ల స్టేషన్‌కు మనకు తెలిసిన నంబరు మీద ఫోన్ చేసి నిర్ధారించుకోవడంలో అవమానం ఏమీ లేదు. వాళ్లు చెప్పిన నంబరుకు మాత్రం చెయ్యకండి.

బ్యాగుల తనిఖీ మీద మీ ప్రశ్న. ఎదుటివాళ్లు ఒప్పుకుంటేనే తనిఖీ. లోపలికి రావాలంటే బ్యాగు చూపించాలి అన్న షరతు యజమాని పెట్టొచ్చు, ఆ సంగతి గేటు దగ్గర బోర్డు మీద అందరికీ కనబడేలా రాసి ఉండాలి. బ్యాగు వాళ్ల చేతే తెరిపించండి, వాళ్ల చేతే వస్తువులు పక్కకు జరిపించండి. మీ చెయ్యి లోపల పెట్టకండి. "మీ గార్డు చెయ్యి పెట్టాకే నా డబ్బు పోయింది" అన్న మాట ఒక్కసారి వస్తే దానికి జవాబు ఉండదు. ఒంటి మీద తనిఖీ అయితే ఆడవాళ్లను ఆడ గార్డే, అదీ మరుగున, సాక్షి ఉండగా చూడాలి. ఒప్పుకోకపోతే గొడవ వద్దు. లోపలికి వచ్చేవాళ్లయితే రానివ్వకండి. బయటికి వెళ్లే ఉద్యోగి అయితే పేరు, టైము రాసుకుని వాళ్ల ఆఫీసుకు చెప్పండి, మిగతాది ఉద్యోగ నిబంధనల ప్రకారం వాళ్లు చూసుకుంటారు. ఇంకో మాట. తనిఖీ అంటే అందరికీ తనిఖీ. హౌస్‌కీపింగ్ వాళ్ల టిఫిన్ డబ్బాలు తెరిపించి, మేనేజర్ల బ్యాగులకు సెల్యూట్ కొట్టే గేటు చూస్తే నాకు కోపం వస్తుంది. అది న్యాయం కాదు, భద్రత అంతకంటే కాదు.

పట్టుకోవడం. కళ్లెదుట నేరం జరుగుతుంటే మామూలు పౌరుడు కూడా పట్టుకుని పోలీసులకు అప్పగించే వెసులుబాటు చాలా దేశాల చట్టాల్లో ఉంది. ఏ నేరాలకు, ఎంతసేపు అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. మీ ఏజెన్సీ లాయర్‌తో ఒక పేజీ రాయించి ప్రతి పోస్టులో పెట్టించండి. ఎక్కడైనా పనికొచ్చేవి ఇవి: అనుమానం మీద పట్టుకోకూడదు. పట్టుకుంటే వెంటనే పోలీసులకు ఫోన్ చెయ్యాలి. గదిలో పెట్టి ప్రశ్నించడం, తప్పు ఒప్పుకున్నట్టు కాగితం రాయించడం, ఒక్క దెబ్బ వెయ్యడం, వీటిలో ఏదీ చెయ్యకూడదు, మన మీదే కేసు కావచ్చు. బలప్రయోగం ఆత్మరక్షణకు, ఇంకొకరి ప్రాణం కాపాడటానికి, అదీ ఆ క్షణానికి ఎంత అవసరమో అంతే. పారిపోయేవాడి వెనక రోడ్డు మీద పరుగెత్తవద్దు. ఎత్తు, చొక్కా రంగు, ఏ వైపు వెళ్లాడు, బండి నంబరు, ఇవి చెప్పగలిగితే మీ డ్యూటీ చేసినట్టే. సరుకుకు ఇన్సూరెన్స్ ఉంటుంది. మీ గార్డు కోసం ఇంట్లో పిల్లలు ఎదురు చూస్తుంటారు. ఇది ప్రతి బ్రీఫింగ్‌లో చెప్పండి.

మన డ్యూటీలో అన్నిటికంటే పెద్దది, రోజూ కనబడనిది ఇంకొకటి ఉంది: ప్రమాదం వచ్చినప్పుడు మనుషుల్ని బయటికి తేవడం. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో మోర్గాన్ స్టాన్లీ సంస్థ సెక్యూరిటీ అధిపతి రిక్ రెస్కోర్లా, 1993లో ఆ భవనంలో బాంబు పేలిన తర్వాత, ఉద్యోగులందరితో మెట్ల మీద డ్రిల్ పదే పదే చేయించేవాడు. పెద్ద పెద్ద అధికారులు విసుక్కున్నా వదల్లేదు. 2001 సెప్టెంబర్ 11న పక్క టవర్‌ను విమానం ఢీకొన్నాక, ఎక్కడివాళ్లక్కడే ఉండమని భవనంలో ప్రకటన వచ్చింది. ఆయన దాన్ని పక్కనపెట్టి తన వాళ్లను దింపడం మొదలుపెట్టాడు. సుమారు 2,700 మందిలో దాదాపు అందరూ బతికారు. మిగిలినవాళ్ల కోసం పైకి వెళ్లిన ఆయన తిరిగి రాలేదు. సూపర్‌వైజర్‌గా మీరు ముందుగా చూడాల్సింది ఎమర్జెన్సీ తలుపులు. వాటికి తాళం వేసి ఉంటే ఆ రోజే తీయించండి, ఎదురుగా అట్టపెట్టెలు పేర్చి ఉంటే ఆ రోజే తీయించండి. దొంగల భయంతో ఎమర్జెన్సీ తలుపుకు తాళం వేయమని ఎవరు చెప్పినా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి.

మంట విషయంలో ముందు అలారం, ఫైర్ స్టేషన్‌కు ఫోన్, తర్వాతే ఎక్స్‌టింగ్విషర్. కరెంటు మంట మీద, నూనె మంట మీద నీళ్లు పోయకూడదని ప్రతి గార్డుకూ నిద్రలో లేపి అడిగినా తెలియాలి. కరెంటుకు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్. పిన్ను లాగడం, గొట్టం మంట మొదలు వైపు పెట్టడం, పిడి నొక్కడం, అటూ ఇటూ ఊపడం. చేత్తో ఎత్తే సిలిండర్ కొన్ని సెకన్లే వస్తుంది, అందుకే మంట చిన్నగా ఉన్నప్పుడే, వెనక బయటికి దారి ఉన్నప్పుడే. మనిషి కుప్పకూలి ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. అంబులెన్స్ వచ్చేలోపు అక్కడ ఉండేది మనమే. ఫంక్షన్లు, సభల బందోబస్తు పడితే జనం సాంద్రత మీద కన్నుంచండి. చదరపు మీటరుకు ఐదుగురు దాటితే ప్రమాదం మొదలైనట్టే, ఏడుగురి దగ్గర జనం నీళ్లలా కదులుతారు, ఎవరి కాళ్లు వాళ్ల అదుపులో ఉండవు. అప్పుడు అరిచినా లాభం లేదు. గేటు దగ్గర అంతకంటే ముందే ఆపాలి.

సూపర్‌వైజర్ డ్యూటీ గార్డు డ్యూటీ కంటే వేరే. గార్డు స్థలాన్ని చూసుకుంటాడు, మీరు గార్డును చూసుకోవాలి. రిలీవర్ రాలేదని డబుల్ డ్యూటీ వెయ్యడం మన రంగంలో అలవాటైపోయింది. పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానంగా పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. చాలా దేశాల్లో అంత ఆల్కహాల్‌తో బండి నడపడం చట్టవిరుద్ధం. అలాంటి మనిషి చేతికి మనం గేటు అప్పగిస్తున్నాం. సీసీటీవీ ముందు కూర్చునేవాళ్లదీ అదే కథ. ఒకే పని మీద చూపు నిలిపి ఉంచితే మొదటి అరగంటలోనే గురి తగ్గుతుందని బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త నార్మన్ మాక్‌వర్త్ 1948లోనే రాడార్ ఆపరేటర్ల సమస్య మీద చేసిన ప్రయోగాల్లో తేల్చాడు. కాబట్టి తెరల ముందు మనిషిని అరగంటకో, గంటకో మార్చండి. నిద్రపోయిన గార్డుకు జరిమానా వేసేముందు అతను ఇంటికి వెళ్లి ఎన్ని గంటలైందో అడగండి.

మిగతా పాత్రల గురించి క్లుప్తంగా. క్యాష్ వ్యాన్, బాడీగార్డు పనులకు వేరే ట్రైనింగ్ కావాలి, ఆయుధం ఉంటే వేరే లైసెన్స్ కావాలి. బాడీగార్డు పనిలో ఎక్కువ భాగం పక్కన నిలబడటం కాదు, వెళ్లబోయే చోటికి ముందే వెళ్లి చూసి రావడం. షాపుల్లో చేసేవాళ్ల పని నష్టం జరగకుండా చూడటం. మీరు ఉన్న దారిలో ఫీల్డ్ ఆఫీసర్, ఆ పైన సెక్యూరిటీ మేనేజర్. అక్కడ పని ఎక్కడ ఏ ముప్పు ఉందో అంచనా వేయడం. అందరికీ ఒకే నిబంధన మాత్రం ఉంది: లోపలి విషయం బయటికి వెళ్లకూడదు. ఎవరు ఊళ్లో లేరు, ఎవరి ఇంటికి ఎవరు వస్తున్నారు, కెమెరాలో ఏం పడింది, ఇవి మన వాట్సాప్‌లోకి రాకూడదు.

దొంగతనం నష్టం మీ మీద వేస్తారా అంటే, ఏజెన్సీకీ క్లయింటుకూ మధ్య ఉన్న ఒప్పందం చూడాలి. సాధారణంగా డ్యూటీలో నిర్లక్ష్యం ఉందని విచారణలో తేలితే ఏజెన్సీని అడుగుతారు. విచారణ లేకుండా గార్డు జీతంలో కోసుకోవడం సరైంది కాదు, అలా కోస్తే రాతపూర్వకంగా కారణం అడగండి, కార్మిక శాఖ ఉన్నది అందుకే. అక్కడ మిమ్మల్ని కాపాడేది పోస్ట్ ఆర్డర్. ఏ పోస్టులో ఎవరు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అని క్లయింటు, ఏజెన్సీ ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం అది. మీ సైట్‌లో అది లేకపోతే రేపే అడగండి.

అదే కాగితం మీ నాలుగో ప్రశ్నకూ జవాబు. కార్లు తుడవడం, పార్సిళ్లు పై అంతస్తుకు చేర్చడం, మొక్కలకు నీళ్లు పోయడం ఆ కాగితంలో లేకపోతే అది గార్డు పని కాదు. అయినా గార్డు చేత ముఖం మీద "కాదు" అనిపించకండి, అతని ఉద్యోగం చిక్కుల్లో పడుతుంది. ఆ మాట చెప్పాల్సింది మీరు, తమ్ముడూ. మేనేజర్ దగ్గరికి వెళ్లి మర్యాదగా, "సార్, మీ కారు తుడిచిన పదిహేను నిమిషాలు గేటు ఖాళీ. ఆ టైములో ఎవరైనా లోపలికి వస్తే బాధ్యత ఎవరిదో రాసి ఇవ్వండి, అలాగే చేయిస్తాను" అనండి. నేను ఇది చాలా సైట్లలో చెప్పాను. రాసి ఇచ్చినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు.